బాపు స్టెంటు, అమ్మ బీడీలు

మా బాపు సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. పొద్దంతా వాటి మధ్య నిలబడేవాళ్లకు కాళ్లనొప్పులు మామూలే కాబట్టి, పిక్కలు పట్టేస్తున్నాయని ఆయన అంటే ఎవరం పట్టించుకోలేదు. అమ్మ నువ్వులనూనె రాసేది. నేను కోరుట్లలో అత్తగారింట్లో కూర్చుని, "జర కూసొని చెయ్యి బాపూ" అని ఫోన్లో సలహా పారేసేదాన్ని.

ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు బాపూ నేనూ కూరగాయలకు బయలుదేరాం. వీధి సగం దాటకుండానే ఆగి బీడీ ముట్టించాడు. కాసేపటికి నడిచాడు. నాలుగడుగులు వేసి మళ్లీ ఆగాడు, మళ్లీ బీడీ. నాకు ఒళ్లు మండింది.

"కూరగాయలకు అచ్చినవా, బీడీలు తాగుడుకు అచ్చినవా?"

"నడిస్తే తొడలు పిండినట్టయితయి బిడ్డా. జర నిలవడితే తక్వయితది."

నిలబడి చేసే పనితో వచ్చిన నొప్పి నిలబడితే ఎలా తగ్గుతుంది? ఇన్నేళ్లలో ఆ ముక్క మాకెవరికీ తట్టలేదు.

ఆయన్ని నాతోపాటు తీసుకెళ్లి, మా కోరుట్లకు దగ్గరని జగిత్యాలలో చూపించాను. డాక్టరు ఆయన గజ్జల్లో నాడి పట్టి చూసి, సరిగా అందడం లేదని వెంటనే స్కానింగ్ రాశాడు. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం, రెండు కాళ్లకూ చీలే చోటికి కాస్త పైన, బాగా సన్నబడిందట. వదిలేస్తే కాళ్లకే ముప్పన్నాడు. హైదరాబాద్‌లో కడుపు కోయకుండా, గజ్జల దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని తీగ మీదుగా స్టెంటనే జాలీ గొట్టాన్ని పంపి ఇరుకైన చోట విచ్చుకునేలా చేశారు. ఆ సాయంత్రం బాపు పాదాలు పట్టుకున్నాను. ఎప్పుడూ చల్లగా ఉండేవి వెచ్చగా తగిలాయి. ఏడుపు ఆగలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "మళ్లీ బీడీ తాగితే స్టెంటు మూసుకుపోవచ్చు" అన్నాడు. అమ్మ తల వంచుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె బీడీలు చుడుతోంది. సరిగా లేవని కార్ఖానా వాళ్లు తిప్పిపంపినవన్నీ బాపుకే ఇచ్చేది.

"నేనే తాపిచ్చిన గదా సారూ" అంది.

అమ్మ పని మానలేదు. ఆమెకొచ్చిన పని అదొక్కటే. తిరిగొచ్చిన బీడీలను మాత్రం నీళ్ల బకెట్లో వేస్తోంది. బాపు రోజూ బస్టాండు దాకా ఆగకుండా నడిచి వస్తున్నాడు. అయినా ఆమెకు నమ్మకం లేదు. మొన్న ఆయన గుమ్మం ఎక్కగానే చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముట్టలే, నీ మీదొట్టు" అన్నాడు బాపు.

ఇంకోసారి వాసన చూసింది. తర్వాత తన వేళ్లు చూసుకుంది.

"గీ వాసన నీ చేతిదో నా చేతిదో నాకెట్ల తెల్వాలె?" అని అక్కడే కూలబడి ఏడ్చింది.