పెద్దన్న కాలేజీకి ఇచ్చిన పిల్ల

మొన్న ఆదివారం మా పెద్దనాన్న కొడుకు, మేమంతా పెద్దన్న అని పిలిచే మనిషి, ఫోన్ చేసి తన మనవడు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లోకి పోతానంటున్నాడని, దానికి డిగ్రీలో ఏం తీసుకోవాలో లెక్కల టీచరుగా చేసినదాన్ని కనుక నన్నే చెప్పమని అడిగాడు. "ఎకనామిక్స్ మంచిదంట గదమ్మా. వానికి ఇష్టమైందే చదవనీ అనుకుంటాండా" అన్నాడు. ఆ మాట అతని నోట వినేసరికి నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో కోపం మంచిది కాదంటారు గానీ, తారీకులు మరచిపోయే అలవాటు నాకు లేదు.

2003 జూన్ 14, శనివారం. మా తమ్ముడి కూతురు అనంతపురంలో నా దగ్గరే ఉండి ఇంటర్ చదివింది. ఇంగ్లీషు పేపర్లో అందరూ తిప్పేసే వ్యాపారం పేజీనే ముందు చదివేది. ఒక కంపెనీ ఇంకొక కంపెనీని కొంటే బేరం ఎవరు కుదురుస్తారు, కంపెనీకి వెల ఎవరు కడతారు అని నన్ను వేధించేది. నాకు తెలియక, బెంగళూరులో ఆ పనిలోనే ఉన్న నా పాత విద్యార్థిని దగ్గరికి తీసుకుపోయాను. కామర్స్ చదివినా ఎకనామిక్స్ చదివినా ఫరవాలేదు, గణితం మాత్రం వదలొద్దని ఆమె చెప్పింది. అకౌంట్లు తర్వాతైనా నేర్చుకోవచ్చు అత్తా అని, మా పిల్ల బాగా ఆలోచించి గణితంతో కలిసిన ఎకనామిక్స్ ఎంచుకుంది. బెంగళూరులో సీటు కూడా వచ్చింది. సోమవారం పోయి చేరడమే తరువాయి, ఫీజు నేను కడతానన్నాను.

ఆ ఏడే పెద్దన్న ఇంజనీరింగ్ కాలేజీ పెట్టాడు. ఆ శనివారం సాయంత్రం నేనూ పిల్లా కళ్యాణదుర్గంలో మా తమ్ముడింట్లో ఉండగా, ఎన్నికల్లో ఓట్లకు వచ్చినట్టే నలుగురిని వెంటేసుకుని జీపులో దిగాడు. "మన ఇంటి పిల్లే చేరకపోతే బయటోళ్లు యాడ చేరతారప్పా?" అన్నాడు. పిల్లకు బ్యాంకు పని మీద ఇష్టమని నేనంటే నవ్వాడు. "బ్యాంకులో దుడ్లు ఎంచేదానికి బెంగళూరు యాలమ్మా? ఈడ బ్యాంకులు లేవా?" జీపులో వచ్చినవాళ్లూ నవ్వారు. అది ఆ బ్యాంకు కాదు, కంపెనీలకు పెట్టుబడి కూర్చే పని అని రెండుసార్లు చెప్పాను. ఎవరికి కావాలి.

ప్రతి ఎన్నికలోనూ ఆ జీపు వెనకే తిరిగిన మా తమ్ముడు సరేనని తలూపాడు. "నాయనా, నేను మోటార్లు చదివి ఏం చేసేది?" అంది పిల్ల. "మాటిచ్చినా, ఊరుకో" అన్నాడు. కంప్యూటర్ సీట్లు డొనేషన్ కట్టినవాళ్లకు పోగా, తూకానికి తక్కువైన మూటలో ఇంకో దోసెడు శెనక్కాయలు పోసినట్టు, నిండని ఎలక్ట్రికల్ సెక్షన్లో మా పిల్లను పోశారు. మంచి మార్కులతోనే పాసై, ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతోంది.

ఫోన్లో ఇదంతా నేను తవ్వలేదు. నీ కాలేజీలోనే ఉన్న మన పిల్లను అడుగన్నా, ఏం చదవాలో దానికి ఎప్పుడో తెలుసు అన్నాను. "ఆమె కరెంటు మేడం గదమ్మా, ఈ సంగతులు ఆమెకేం తెలుస్తాయి?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అతనికి ఏమీ గుర్తు లేదు.

మన ఈడువాళ్లం కాలం మారిందని సంతోషపడుతుంటాం. మారింది, కాదనను, నీకేం ఇష్టమని ఇప్పుడు పిల్లలను అడుగుతున్నారు. కానీ మా వంశంలో ఎవరూ అడగకముందే తన ఇష్టాన్ని చెప్పిన పిల్లను మాత్రం ఇవాళ్టికీ ఎవరూ అడగలేదు.