స్వామికి చెనక్కాయలు

మా అవ్వ లెక్కలో కోతి అనే జంతువే లేదు. గోడ మీద తోక కనిపిస్తే చాలు, చెంపలు వేసుకునేది. ప్రతి శనివారం పిట్టగోడ మీద చెనక్కాయలు పోసేది. "సీతమ్మను యెతికి యెతికి ఆకలితో వచ్చినాడప్పా సామి. కట్టె ఎత్తితే కండ్లు పోతాయి" అని నన్ను బెదిరించేది. వానల్లేక కొండల్లో నీళ్లు ఎండిపోయి కోతులు గుంపులుగా ధర్మవరంలోకి దిగుతున్న రోజులవి. ఊరంతా తలుపులు బిగించుకుంటుంటే మేం పిలిచి పెట్టేవాళ్లం. నాకు మాత్రం వాటిని చూస్తే ఒళ్లు మండేది.

ఆ శనివారం అవ్వకు జ్వరం. గోడ మీద చెనక్కాయలు లేవు. ఒక గండుకోతి నేరుగా నడింట్లోకి వచ్చింది. నాయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. పక్కనే ఆరేళ్ల మా చెల్లెలు గిన్నెలో బొరుగులు తింటోంది. కోతి గిన్నె లాగింది, చెల్లెలు వదల్లేదు. అది మీదికి దూకి చెంప చీల్చేసింది.

చెవి కింద తోలు వేలాడింది. నాయన గుంతలోంచి ఎలా ఎగబాకాడో, రోకలితో దాని వీపు మీద ఒక్కటి వేశాడు. అది పిల్లను వదలకపోగా మెడకు నోరు పెట్టింది. నాయన రోకలి పారేసి, రెండు చేతులతో దాని దవడలు విడదీసి, కాళ్లు పట్టుకుని నేలకేసి కొట్టాడు. అది చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాడు. మగ్గం మీది పెళ్లిచీరంతా నెత్తురు. అది చచ్చినందుకు నాకు సంతోషమే వేసింది. ఇప్పటికీ సంతోషమే.

అమ్మ చెల్లెల్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. వెనకే పోబోయిన నాయనకు వీధి అడ్డం నిలిచింది. పసుపు, పూలు, కొత్త గుడ్డ, భజన అన్నీ కోతికే.

"సామిని సంపినావు గదప్పా. కొడుకు మాదిరి నువ్వే గుండు కొట్టించుకోని కర్మ చెయ్యల్ల. లేకుంటే పాపం ఈదినంతా తగులుకుంటాది" అన్నాడు వీధి పెద్ద.

బిడ్డకెట్లుండాది అని ఒక్క నోరు అడగలేదు. అవ్వ కూడా జ్వరంతోనే లేచొచ్చి వాళ్ల పక్కనే నిలబడింది. నాయన మంగలి ముందు కూర్చున్నాడు. పాడె ముందు నడిచి, కోతిని పూడ్చిపెట్టి వచ్చాడు.

సాయంత్రం నాయనా నేనూ ఆసుపత్రికి పోయాం. చెల్లెలి మొహమంతా కట్లు, ఒక్క కన్ను మాత్రం కనబడుతోంది. నాయన గుండు చూడగానే బెదిరిపోయింది. అంతకుముందు తాత పోయినప్పుడే నాయనను అలా చూసింది.

"నాయనా, అవ్వ సచ్చిపోయిందా?"

"లేదమ్మా. కోతి కోసరం."

చెల్లెలు చెయ్యి చాపి ఆ గుండు తడిమింది.

"నేను సచ్చిపోయింటే గూడా కొట్టించుకునింటివా?"

కూతురు పోతే తండ్రి గుండు కొట్టించుకునే ఆచారం మాలో లేదు. నాయన తువ్వాలు తల మీదికి లాక్కుని, మంచం పట్టుకుని ఏడ్చాడు.