చాయ్ కోసం పదకొండు చుట్లు

థీసిస్ గ్రేడు మెయిల్ వచ్చేసరికి మా రైలు జర్మనీలోని ట్రియర్ స్టేషన్‌లో ఆగింది. జార్‌బ్రూకెన్‌లో చదువుకున్న రెండున్నరేళ్ళూ ఈ ట్రియర్ పాత చర్చిలు చూడాలని నేనూ నా రూమ్మేటూ అనుకుంటూనే ఉన్నాం. తీరా వెళ్ళిన రోజే ఈ కబురు. ప్లాట్‌ఫారమ్ మీద నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాను.

అమ్మ గడప దగ్గర కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే.

“పాసైన అమ్మా. వన్ పాయింట్ త్రీ.”

అమ్మ చేతులు ఆగాయి. “ఒకటేనా బిడ్డా? గంత తక్కువొచ్చిందా?”

“ఈడ ఎంత తక్కువొస్తే అంత మంచిది.”

“ఏం దేశమే అది,” అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించి, “మరి నా చాయ్ సంగతేంది?” అంది.

నేను విమానం ఎక్కిన రోజు అమ్మ చాయ్ మానేసింది. రోజుకు ఐదారుసార్లు తాగే మనిషి. నేను పాసై, నేనున్న చోటే గుడి చుట్టూ పదకొండుసార్లు తిరిగితేనే మళ్ళీ ముట్టుకుంటానని మొక్కుకుంది.

“ఈ ఊర్ల గుళ్ళు లేవమ్మా. చర్చిలే.”

“అండ్ల దేవుడుంటడా, ఉండడా?”

“ఉంటడు.”

“మరి తిరుగు. నేను పాలు తెప్పిస్త.”

ఊరి మొదట్లో ఉన్న నల్లరాతి ద్వారాన్ని నడుస్తూనే చూసి, సంత దాటి చర్చి ముందుకొచ్చి నిలబడిపోయాం. అక్కడున్నది ఒకటి కాదు. కోటలాంటి మందపాటి గోడల పెద్ద చర్చి, దాని భుజానికి ఆనుకుని పొడవాటి కిటికీల మేరీమాత చర్చి. మధ్యలో సందు లేదు. తిరిగితే రెండింటి చుట్టూ తిరగాల్సిందే.

“పదకొండంటే సాయంత్రమైపోద్దే,” అంది నా రూమ్మేటు. తనది విజయవాడ. “మూడు తిరిగేసి పదకొండని చెప్పెయ్. మీ అమ్మగారు నమ్మేస్తారు.”

“నమ్ముతది. గందుకే చెప్పలేను.”

రైల్లో తినడానికి తెచ్చిన వేయించిన పల్లీల్లో పదకొండు ఏరి నా రూమ్మేటు కోటు కుడి జేబులో వేశాను. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి మార్చాలి. చర్చిలను కుడిచేతి వైపు ఉంచుకుని బయల్దేరాం. ముందు వైపు ఎండ, వెనక ఎత్తైన గోడల మధ్య చల్లటి ఇరుకు వీధి. మామూలుగా అయితే రెండు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. మూడో చుట్టుకు గుమ్మం మీది రాతి బొమ్మల్లో దేని ముక్కు అరిగిందో కూడా తెలిసిపోయింది.

కాళ్ళు లాగుతుంటే ఒకచోట ఆగి జేబులు చూడమన్నాను. కుడి జేబులో రెండు పల్లీలు, ఎడమ జేబులో మూడు.

“మిగతావేవే?”

“మాటల్లో పడి తినేశానే.”

“ఏ జేబులవి తిన్నవ్?”

“చెయ్యి ఎటు పోతే అటు.”

ఆమె ఎనిమిది అయ్యాయంది. నాకేమో ఏడనిపించింది. అక్కడే మా వాదన నడుస్తుంటే, చర్చి ముందు చౌక్‌లో బెంచీ మీద చిన్న కుక్కతో కూర్చున్న పెద్దావిడ ఏమైనా పోగొట్టుకున్నారా అని జర్మన్‌లో అడిగింది. వచ్చీరాని జర్మన్‌లో అమ్మ గురించీ చాయ్ గురించీ చెప్పాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“ఏడు,” అంది. “మీరు మొదలుపెట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాను. నాలుగోసారి నుంచి మా కుక్క కూడా మీ కోసం చూస్తోంది.”

“ఇంకా నాలుగా?” అని నా రూమ్మేటు మూలిగింది కానీ, నాకంటే ముందు తనే నడిచింది.

ఆ తర్వాత మేం మలుపు తిరిగి వచ్చిన ప్రతిసారీ పెద్దావిడ వేళ్ళు ఎత్తి లెక్క చూపించింది. పదకొండోసారికి లేచి నిలబడింది.

అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. పక్కన గ్లాసూ సాసరూ సిద్ధంగా ఉన్నాయి.

“అయినయా?”

“అయినయ్.”

“నిజంగనా? నా కోసం తక్కువ తిరగలేదు గద?”

ఫోను పెద్దావిడ వైపు తిప్పాను. ఆవిడ పది వేళ్ళూ చూపించి, తర్వాత ఇంకొకటి ఎత్తింది. అమ్మ ఆవిడకు దండం పెట్టి, చాయ్ సాసర్‌లో పోసుకుని, ఊదుకుని ఒక గుక్క తాగింది. కాసేపు కళ్ళు మూసుకుంది.

“ఎట్లుందమ్మా?”

“చక్కెర ఎక్కువైంది. ఎంతెయ్యాల్నో మరిచిపోయిన,” అంటూ మళ్ళీ సాసర్ నింపుకుంది.