వానకోయిల తోక గాటు

ఆల్టమహా నది పక్క చిత్తడి అడవిలో ఏ పంది ఎవరిదో తేలకపోతే ఎజ్రా టిప్పిన్స్‌ను పిలిచేవారు. పందులన్నీ అడవిలోనే తిరిగి, ఓక్ కాయలు తిని కొవ్వేవి. ఎవరిదో చెప్పేది చెవి మీది గాటు. ఇంటికొక గాటు, కోర్టు పుస్తకంలో బొమ్మతో సహా. చెవి లేని పందిని అడవిలోంచి తెచ్చినవాడు ఎంతటి మొనగాడైనా దొంగ కిందే లెక్క. అలాంటివాడికి ఆ చుట్టుపక్కల మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఎజ్రాకు అరవై ఆరేళ్ళు. వయసులో ఉన్నప్పుడు అన్న లెమ్‌తో కలిసి పైన్ దుంగలను తెప్పగా కట్టి, డేరియన్ రేవు దాకా నది మీద నడిపేవాడు. ముందు తెడ్డు లెమ్‌ది, వెనక తెడ్డు ఇతనిది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే, "మా కుక్క ఒప్పుకోలేదు" అని నవ్వేసేవాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట వరద నీళ్ళలో తెప్ప మలుపు తిరగక గట్టుకు కొట్టుకుంది. లెమ్ దుంగల మధ్య నలిగిపోయాడు. వెనక తెడ్డు విరిగిందని ఎజ్రా చెప్పాడు. ఎవరూ ఆరా తీయలేదు. లెమ్ భార్య ఓలాకు అప్పటికి ఇరవై నాలుగు. పిల్లలు లేరు.

లెమ్ గాటు ఎడమ చెవి కొసన, వానకోయిల తోకలా చీలి ఉండేది. పోయినవాడి గాటున్న పంది అడవిలో ఒక్కటీ మిగలకపోతే ఆ మనిషి రెండోసారి చచ్చినట్టని అక్కడివాళ్ళ పట్టింపు. అందుకే ఏటా వసంతంలో ఎజ్రా తన పంది పిల్లల్లో కొన్నిటికి అన్న గాటు పెట్టి, ఒకదాన్ని చంకలో ఇరికించుకుని ఓలా ఇంటికి వెళ్ళేవాడు. ఆమె కళ్ళకు పొరలు కమ్మి చూపు పోయాక, ఆ చీలికను వేళ్ళతో తడిమి చూసేది. "బాగా కోశావు" అని మొక్కజొన్న రొట్టె పెట్టేది. ఆ ఒక్క మాట కోసం అతను ఏడాదంతా బతికేవాడని నేననుకుంటాను.

ఇంతలో కంచె చట్టం వచ్చిపడింది. శనివారం పొద్దుగూకేలోపు ఎవరి పందుల్ని వాళ్ళు దొడ్లో కట్టుకోవాలి. ఆ తర్వాత అడవిలో కనిపించిన పందిని ఎవరైనా కాల్చుకోవచ్చు. ఇక గాట్లతో పనే లేదు. లెమ్ గాటున్నవాటిలో ఆ ఏటి వరదకు పోగా ఒక్క ఆడపందే మిగిలింది. ఎజ్రా నాలుగు రోజులు జొన్నలు చల్లి, గొంతు పోయేలా పిలిచాడు. అది రాలేదు. శనివారం మధ్యాహ్నానికే ఎవరో ఓపిక పట్టలేక తుపాకులు పేల్చడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని ఎజ్రా తన పట్టుకుక్క క్వీనీని వదిలాడు.

చెవి పట్టుకో, వదలమనేదాకా వదలకు అని దానికి నేర్పింది అతనే. క్వీనీ నేర్చుకున్న పని తు.చ. తప్పకుండా చేసింది. ఎడమ చెవి దొరకబుచ్చుకుంది. పంది గింజుకుంది. ఎజ్రా బురదలో పడుతూ లేస్తూ "వదలవే, వదులు!" అని అరుస్తూ చేరేసరికి చెవి మొదలంటా ఊడిపోయి, పీలికలై ఉంది. ముసలాడు మోకాళ్ళ మీద కూర్చుని ఆ పీలికలన్నీ ఏరాడు. వాటిలో ఆ చీలిక ఎక్కడుందో పోల్చుకోలేకపోయాడు. పంది బతికే ఉంది. కట్టి, బండిలో వేసుకుని ఓలా ఇంటికి తోలాడు.

ఓలా వాకిట్లోకి వచ్చింది. "దొరికిందా? ఏదీ, ఇలా తే" అంటూ చెయ్యి చాచింది. పంది తల తడిమింది. వేళ్ళకు పచ్చి పుండు తగిలి, చెయ్యి ఆగిపోయింది.

"చెవేదీ, ఎజ్రా?"

"కుక్క పీకేసింది, వదినా."

"చెవి లేని పందిని తెచ్చినవాణ్ణి మనవైపు ఏమంటారో తెలుసుగా?" అంది నవ్వబోతూ. వేళాకోళానికే అంది. కానీ ఎజ్రా తట్టుకోలేకపోయాడు.

"దొంగ అంటారు. నిజంగా దొంగనే వదినా. ఆ రోజు తెడ్డు విరగలేదు. భయమేసి, తెడ్డు వదిలేసి గట్టు మీదికి దూకాను. అన్న వెనక్కి తిరిగి చూశాడు... నాకేసే చూశాడు."

ఓలా చెయ్యి ఇంకా పంది తల మీదే ఉంది.

"తెలుసు. తెప్పను దిగువన పట్టుకున్నవాళ్ళు ఆ వారమే చెప్పారు, తెడ్లు రెండూ విరక్కుండా వాటి మేకులకే ఉన్నాయని."

"తెలిసీ నాకు రొట్టె పెట్టావా? ఇన్నేళ్ళూ?"

"తిట్టుకుంటూనే పెట్టాను కొన్నాళ్ళు. ఆ తర్వాత తిట్టడం మానేశాను. నిలదీస్తే మళ్ళీ మొహం చూపించవని తెలుసు. ఏడాదికి ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కేవాడివి నువ్వొక్కడివే. నోరు మూసుకుని ఎందుకున్నాననుకున్నావు?" ఆమె పంది తల మీంచి చెయ్యి తీసింది. "ఇప్పుడు చెప్పేశావు. గాటూ పోయింది. ఇక ఏ వంక పెట్టుకుని వస్తావురా?"

ఎజ్రా పందిని దొడ్లో కట్టి, టోపీ తీసుకున్నాడు.

"రొట్టె పొయ్యి మీదుంది. తినిపో" అంది ఓలా.

అతను తినకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ వసంతానికి రాలేదు, ఆపైదానికీ రాలేదు. ఓలా మాత్రం ఆ పందిని కొయ్యనివ్వలేదు. అది బతికున్నన్నాళ్ళూ మేపింది. ఏటా ఆ వేళకు ఇద్దరికి సరిపడా రొట్టె చేసి, మిగిలిన సగం దానికే పెట్టేది.