పారబోసిన మొదటి బకెట్

సీసాల అక్కకు అసహ్యం పుట్టుకతో వచ్చింది. ఇంకొకరి గ్లాసులో నీళ్లు తాగదు, బస్సులో కమ్మీ పట్టుకోదు. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి కంపు కొట్టే బావి దగ్గర ఉద్యోగం ఇచ్చాడు.

ఎప్పుడో సహజవాయువంతా తోడేసిన రాతిపొరల్లోకి ఇప్పుడు హైడ్రోజన్ ఎక్కించి దాస్తున్నారు. ప్రతి సోమవారం ఆ బావి అడుగు నుంచి వచ్చే ఉప్పునీళ్లు సీసాలో పట్టి ప్రయోగశాలకు ఇవ్వడం ఆవిడ పని. కుళాయి తిప్పగానే నల్లగా, జిగటగా, కుళ్లిన గుడ్ల కంపుతో నీళ్లు దూకేవి. ఆవిడ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, నానా తిట్లూ తిట్టుకుంటూ, బకెట్ నిండేదాకా వదిలేసి కాలవలో ఒంపేసేది. నీళ్లు తేటపడ్డాకే సీసా పెట్టేది. పైపుల్లో మురికే కదా, పోతే పోయిందనుకునేది. తేట సీసా చూసి ప్రయోగశాల వాళ్లకూ సంతోషమే. నాలుగేళ్లు ఇదే తంతు.

నాలుగు నెలలుగా బావిలో ఒత్తిడి తగ్గుతోంది. హైడ్రోజన్ ఎక్కడో కారిపోతోందని ఇంజనీరు తేల్చేశాడు. పైపుల అతుకులు బిగించే ఫిట్టరు ఈవిడ మరిదే.

"ఒక్కో అతుక్కీ సబ్బు నురగ పూసి చూశాను వదినా, ఒక్క బుడగ రాలేదు. అయినా తప్పు నా చేతిదేనంటున్నారు. శుక్రవారం పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం ఇస్తారట," అన్నాడు మరిది మంగళవారం భోజనాల దగ్గర.

మర్నాడు ప్రయోగశాలలో కొత్తగా చేరిన అమ్మాయిని అడిగింది ఆవిడ, కారకుండా గ్యాస్ ఎలా తగ్గుతుందని.

"అడుగున సూక్ష్మజీవులుంటే హైడ్రోజన్ తినేస్తాయక్కా. తిని, కుళ్లు గుడ్ల కంపు కొట్టే గాలి వదుల్తాయి. కానీ నువ్వు తెచ్చే సీసాల్లో అలాంటివేం లేవుగా!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఆ దొంగ ఆనవాళ్లను వారం వారం చేజేతులా కాలవపాలు చేసింది ఈవిడే.

తిన్నగా బావి దగ్గరికెళ్లి, మొదటి నీళ్లే సీసాలో పట్టి, ఇంజనీరు బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఛీ ఛీ! ఏంటిది? మూత పెట్టు!"

"నాలుగేళ్లుగా నేను పారబోసిందండీ. గ్యాస్ పైన కారట్లేదు, కిందే హరించుకుపోతోంది."

నీళ్లలో ఏమీ లేదన్న రిపోర్టులన్నిటి మీదా ఆయన సంతకాలే. "ఇలాంటి గలీజు ఎవరు తెమ్మన్నారు? తేటపడ్డాక పట్టుకురా, పో," అన్నాడు, రుమాలు ముక్కుకు అదుముకుంటూ.

ఆ రుమాలు వెనక ముఖం ఆవిడకు అచ్చం తనదే అనిపించింది. సీసా తీసుకుని ప్రయోగశాలలో తనే ఇచ్చి, "మొదటి నీళ్లు. ఇదివరకటివన్నీ తప్పుగా పట్టాను," అని చీటీ మీద రాసి సంతకం చేసింది. గురువారం సాయంత్రానికి తేలింది, సీసా నిండా సూక్ష్మజీవులే. శుక్రవారం మరిదికి కాగితం రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఉన్నదంతా చెప్పింది. మరిది తన అరచేతులు చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఈ చేతులంటే నాకే రోత పుట్టింది వదినా, నాలుగు నెలలు. నీకు ఆ వాసన వారం వారం వస్తూనే ఉందా?"

"వచ్చింది."

ఆవిడ అన్నం వడ్డించబోయింది. అతను కంచం పక్కకు లాక్కున్నాడు. "నేను పెట్టుకుంటాలే," అన్నాడు.