శుక్రవారం విమానం, బేస్తవారం ప్రయాణం

సహోదరులారా, ఒక వేసవి మొత్తం నేను మాట లేకుండా బతికాను. పుట్టుకతో మూగవాడికి సైగల భాష అలవడుతుంది, ఇంటివాళ్లకూ అది అర్థమవుతుంది. కానీ ఇన్నేళ్లు మాట్లాడి, కాలువ గట్టు మీద నిలబడి కూలివాళ్లను కేకవేసి పిలిచి, ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకున్నవాడికి ఉన్నట్టుండి గొంతు పోతే, వాడి చేతులు కూడా ఏం చెప్పాలో తెలియక ఒళ్లో పడి ఉంటాయి. ఆ దినాల్లో నా చేతులు అలాగే ఉండేవి.

నేను ఇంజనీరింగు స్కూల్లో డిప్లొమా చదివి, కర్నూలు దగ్గర కాలువ పనుల్లో ఓవర్సీరుగా ఉన్నాను. గట్టు వెడల్పు, తూము మట్టం, నీటి వాలు, ఇవి కొలిచి వరుసగా పెట్టడమే నా పని. ఆ అలవాటు కొద్దీ నా జబ్బునూ వరుసలోనే చెబుతాను. మొదట మింగడం కష్టమైంది. తర్వాత గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత మెడ కింద గడ్డ కనిపించింది, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఈల వేసినట్టు వచ్చేది. చివరికి గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. నాలుగు మాటలు గుసగుసలాడితే మెట్లెక్కినవాడిలా ఆయాసం వచ్చేది.

మా మిషను ఆసుపత్రి డాక్టరమ్మ నా మెడను చాలాసేపు తడిమి చూసి, గడ్డ ఛాతీ ఎముక వెనక్కు దిగిపోయిందని, అది ఊపిరి గొట్టాన్నీ మాట నరాన్నీ నొక్కుతున్నదని చెప్పింది. దాన్ని తీయగలిగిన చేయి ఆమెకు తెలిసి ఒకటే ఉన్నది. ఆమెతో కలిసి చదివిన ఒక పరదేశపు సర్జను కొన్ని నెలలుగా బొంబాయిలో ఉన్నాడు, శనివారం ఓడ ఎక్కి తన దేశానికి వెళ్లిపోతున్నాడు. ఆమె ఉత్తరాలు రాసి బతిమాలగా, వెళ్లేముందు శుక్రవారం ఉదయం చివరి ఆపరేషను నాకు చేస్తానని ఒప్పుకున్నాడు. "శుక్రవారం తెల్లవారేటప్పటికి నీవు అక్కడ ఉండాలి. ఉంటే నీ ఊపిరి నిలుస్తుంది. లేకపోతే ఏమవుతుందో నేను నీకు చెప్పలేను, నాయనా" అన్నది ఆమె. చెప్పలేనన్నదే గానీ ఆమె కళ్లు చెప్పాయి.

ఆ యేడు వానలు ముందే వచ్చి, రాయచూరు అవతల రైలు కట్ట కోసుకుపోయింది. గుంతకల్లు మీదుగా పోయినా, హైదరాబాదు మీదుగా పోయినా బొంబాయి వెళ్లే రైలు దారి మూసుకున్నది. మిగిలింది ఆకాశమే. హైదరాబాదు నుంచి బేస్తవారం, అంటే గురువారం, మధ్యాహ్నం బొంబాయికి విమానం ఉన్నదని కనుక్కుని, సంఘమంతా కలిసి, మిషను ద్వారా రెండు టిక్కెట్లు తెప్పించారు. ఒకటి నాకు, ఒకటి మా మేనమామ యాకోబుకు. మా మామ ఆలూరు దగ్గర మెట్ట సేద్యం చేసే మనిషి. నన్ను పెంచింది ఆయనే.

మా వీధిలో మస్తాన్ సాయిబు అని దర్జీ ఉన్నాడు. మా సంఘపు పాస్టరు అయ్యగారి తెల్ల అంగీలు కుట్టేది ఆయనే. మేము హైదరాబాదు వెళ్తున్నామని తెలిసి, పిలవకుండానే సంచి సర్దుకుని వచ్చాడు. "మీ ఇద్దరిలో ఒకనికి నోరు ల్యా, ఇంకొకనికి తురకం ల్యా. ఆ ఊర్లో మిమ్మల్ని యాడ ఇడిచిపెట్టేది? మిమ్మల్ని ఇమానం ఎక్కిచ్చి, జుమ్మా నమాజు ఆ పెద్ద మసీదులో చేసుకొని తిరిగొస్తా. శానా దినాల కోరిక అది" అన్నాడు. జుమ్మా అంటే శుక్రవారం.

రైల్లో మామ భయం గడ్డను గురించి కాదు, విమానాన్ని గురించి. కిటికీలోంచి ఆకాశాన్ని చూసి, "ఒగేళ పిల్లోనికి ఊపిరాడకుంటే ఆ బండి ఆపమంటే యాడ ఆపుతాడు సాయిబూ?" అని అడిగాడు.

"నీ బీడీ కోసం మబ్బు కాడ నిలబెడతాడులేప్పా" అన్నాడు మస్తాన్. మామ నవ్వలేదు. నేను నవ్వాలనుకున్నాను గానీ ఊపిరి చాలలేదు.

బేస్తవారం పొద్దున హైదరాబాదులో దిగి, తిన్నగా విమానాల టిక్కెట్ల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా ఉత్తరదేశపు యువకుడు. ఇంగ్లీషూ హిందుస్తానీ తప్ప తెలుగు తెలియదు. మా టిక్కెట్లు చూసి తల ఎత్తి, ఈ వారం నుంచి వేళలు మారాయి, మధ్యాహ్నపు విమానం ఇక లేదు, మిషనుకు తంతి కొట్టాం అన్నాడు. ఆ తంతి కర్నూలు చేరేసరికి మేము బండిలో ఉన్నాం.

అతడు మర్యాదస్తుడు. చేయవలసిన పని మస్తాన్‌కు విడమరిచి చెప్పాడు, మస్తాన్ మామకు చెప్పాడు. పాత టిక్కెట్టు అతడు తీసుకుంటాడు. దాని బదులు కొత్తది రాసి, పాతదాని నంబరు కొత్తదాని మీద వేస్తాడు, అంటే మేము చెల్లించినది ఎక్కడికీ పోదు. ప్రయాణికుడు తన ఇష్టం కొద్దీ దినం మార్చుకుంటే తేడా వాడే కట్టుకోవాలి. కంపెనీయే మార్చింది కాబట్టి భారం కంపెనీదే, మేము ఇవ్వవలసినది ఏమీ లేదు.

మామకు ఇదేమీ నచ్చలేదు. టిక్కెట్లను అంగీ లోపలికి తోసి, "పాత చీటీ ఆయప్ప తీసుకుంటే మన చేతిలో ఏముంటాది? ముందు కొత్తది ఇయ్యమను, పాతది తర్వాత ఇస్తా. ఎద్దును తోలకపోయి, రేపు దూడను ఇస్తామంటే ఎవరన్నా ఒప్పుకుంటారా?" అన్నాడు.

"నీ ఎద్దు నంబరు దూడ మీద ఏస్తానంటాండాడు కదప్పా" అన్నాడు మస్తాన్.

"సరే, కొత్త ఇమానం ఏ దినం? అది అడుగు."

గుమాస్తా పట్టిక చూసి "ఫ్రైడే" అన్నాడు. మస్తాన్ "శుక్రారం" అన్నాడు.

సహోదరులారా, మా మామ ముఖం నేను చూస్తుండగానే మట్టిరంగుకు తిరిగింది. "శుక్రారం పొద్దున ఈడు ఆడ ఉండాల. శుక్రారం ఈడ ఎక్కితే ఏం లాభం? బేస్తవారం పోయేది ఏదీ ల్యాదా, అడుగు" అన్నాడు. గుమాస్తా మళ్లీ పట్టిక చూసి తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయాడు గానీ మామ చెప్పనివ్వలేదు, "మాకు బేస్తవారమే కావాల" అని బల్ల మీద చేయి కొట్టాడు.

అప్పుడు నేను బెంచీ మీద నుంచి లేచి, కాగితం ముక్క మీద ఇంగ్లీషులో రాసి గుమాస్తా ముందు పెట్టాను. గురువారం బొంబాయికి ఏ దారిన పోయేదైనా విమానం ఉన్నదా అని రాశాను. దినం, ఊరు, దారి, అన్నీ స్పష్టంగా రాశాను. అతడు చదివి, నా మెడ వైపు చూసి, మెత్తగా "నో సార్, నన్ ఆన్ థర్స్‌డే" అన్నాడు. నేను సరిగ్గా అడిగాను, అతడు నిజమే చెప్పాడు, నేను వెనక్కు వచ్చి కూర్చున్నాను.

శుక్రవారం వద్దంటే కంపెనీ పూర్తి డబ్బు వాపసు ఇస్తుంది, కానీ ఇప్పుడే చెప్పాలి, ఆ రెండు సీట్ల కోసం వేరేవాళ్లు కాచుకొని ఉన్నారు అన్నాడు గుమాస్తా. మామ అంగీలోంచి టిక్కెట్లు తీసి బల్ల మీద పెట్టి, "సంఘం దుడ్లు సంఘానికి ఇచ్చేస్తాం సాయిబూ. పిల్లోన్ని ఇంటికి తోలుకపోదాం. యాడనో తెలియని ఊర్లో కన్నా మనోళ్ల మధ్యన ఉండనీ" అన్నాడు. ఉండనీ అన్నాడు గానీ, ఆ మాట వెనక ఉన్న మాట మా ముగ్గురికీ తెలుసు. గుమాస్తా రద్దు ముద్ర తీసి సిరా దిమ్మె మీద అద్దాడు.

నేను కళ్లు మూసుకున్నాను. పెదవులు కూడా కదపలేదు. నా లోపల ఇలా ప్రార్థన చేశాను: "ప్రభువా, అడగవలసినదంతా అడిగాను. నాకు తెలిసిన ప్రశ్నలు అయిపోయాయి. నాకు గొంతు లేదు. ఇంకా అడగవలసినది ఏదైనా ఉంటే ఎవరి నోటనైనా నీవే అడుగు తండ్రీ."

ఆమేన్ అనుకోకముందే మస్తాన్ గొంతు వినిపించింది. ఆయన అడిగింది నా కోసం కాదు. మామ మనసు మార్చుకుని శుక్రవారం ఎక్కుతానంటే తన నమాజు తప్పుతుందేమో తేల్చుకోవాలని, పోతూపోతూ మాటవరుసకు అడిగాడు: "భాయ్, వో జహాజ్ జుమ్మా నమాజ్ కే పహెలే జాతా, బాద్ జాతా?" నమాజుకు ముందు పోతుందా, తర్వాతా అని.

గుమాస్తా ముద్ర చేతిలో పట్టుకునే నవ్వాడు. ముందే, ఎంతో ముందు, ఈ రాత్రి పన్నెండు దాటగానే లేస్తుంది, తెల్లవారేసరికి బొంబాయిలో ఉంటుంది అన్నాడు.

మస్తాన్ మామ భుజం పట్టుకుని ఊపాడు. "యాకోబప్పా, మనం ఎంత తిక్కనాయాళ్లమప్పా! అది జుమ్మే రాత్! మేము బేస్తవారాన్ని ఏమని పిలుస్తాం? జుమ్మేరాత్ అనే కదా? జుమ్మాకు ముందొచ్చే రేత్రి. ఈయప్ప శుక్రారం అనేది నీ బేస్తవారం రేత్రినే!"

మామకు వెంటనే ఎక్కలేదు. "రేత్రి బేస్తవారందే అయితే శుక్రారం అని ఎందుకంటాండాడు?"

"గడియారంలో పన్నెండు కొడితే వాళ్లకు దినం మారుతాది. నీకు కోడి కూస్తే మారుతాది. మాకు పొద్దు గుంకితే మారుతాది. ఇమానం ఎవరి మాటా వినదు, దాని యాళకు అది పోతాది."

మా పల్లెల్లో అర్ధరాత్రి దాటినా అది నిన్నటి రాత్రే. తెల్లవారితే గానీ కొత్త దినం రాదు. అందుకే మామ శుక్రవారం అనగానే శుక్రవారం పగలో, ఆ తర్వాతి రాత్రో అనుకున్నాడు. చదువుకున్న నేనూ అక్కడే చిక్కుకున్నాను, ఎందుకంటే నేను గుమాస్తాను దినం అడిగాను గాని గంట అడగలేదు. సాయంకాలం ముందూ ఉదయం వెనకా వచ్చి దినమవుతుందని మన లేఖనంలో మొదటి పుటలోనే చదువుతాం. చదివి కూడా మరిచిపోయాం. దాన్ని మరవని మనిషిని దేవుడు మా పక్కనే నిలబెట్టి ఉంచాడు.

ముద్ర పడలేదు. గుమాస్తా దాన్ని పక్కన పెట్టి, పాత టిక్కెట్లు తీసుకుని కొత్తవి రాశాడు. పాత నంబరు వేశాడు, తేడా లేదని రాశాడు. మామ అప్పటికీ వదల్లేదు, "దాని మీద బేస్తవారం అని రాయమను" అన్నాడు.

"రాత ఆయప్పది, రేత్రి నీది. గమ్మునుండప్పా" అన్నాడు మస్తాన్.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. విమానంలో మామ కళ్లు తెరవలేదు, నా చేయి వదల్లేదు. తెల్లవారేసరికి మేము బొంబాయిలో ఉన్నాం. పొద్దెక్కాక నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ భయపడినట్టే గడ్డ లోతుకు దిగి ఉన్నది గానీ, ఆమె అంతకన్నా ఎక్కువ భయపడిన రాచపుండు అందులో లేదు. మొత్తం తీశారు. మాట నరం నలిగింది గానీ తెగలేదు. సర్జను మరునాడు ఓడ ఎక్కేముందు వచ్చి, నా మెడ కట్టు చూసి, ఏదైనా పలకమన్నాడు. నేను "మామా" అన్నాను. అది మాటలా లేదు, తుప్పు పట్టిన తలుపు శబ్దంలా ఉన్నది. అయినా అది గుసగుస కాదు, గొంతే. మా మామ మంచం అంచు పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. దేవునికే మహిమ కలుగును గాక.

ఇంకొక సంగతి తర్వాత తెలిసింది. నేను బల్ల మీద ఉన్న ఆ శుక్రవారం మన సంఘపు స్త్రీలు ఉపవాసముండి నా పేరు చెప్పి ప్రార్థించారు. అదే దినం ఆ పెద్ద మసీదులో మస్తాన్ సాయిబు కూడా నా పేరు తలచుకున్నాడట. ఆయన చెప్పలేదు, మామ అడిగితే ఒప్పుకున్నాడు. దీన్ని గురించి కొందరు సహోదరులు నన్ను ప్రశ్నించారు. నేను ఒకటే చెప్పగలను: ప్రభువా, ఎవరి నోటనైనా అడుగు అని ప్రార్థించినవాడికి, ఆ నోరు ఎవరిదై ఉండాలో నిర్ణయించే హక్కు లేదు.

నా గొంతు పూర్తిగా రాలేదు. పాట ఎత్తుకోలేను, గట్టు మీద ఆ చివర ఉన్న కూలీని పిలవాలంటే ఇప్పటికీ చేయి ఊపవలసిందే. అందుకే ఈ సాక్ష్యం నిలబడి చెప్పడం కన్నా మన పత్రికకు రాసి పంపుతున్నాను. చదివేవారిలో ఎవరైనా తాము వేసుకున్న దారి మూసుకుపోయి, అడగవలసిందంతా అడిగి, ఇంటికి తిరిగిపోదామని లేచి ఉంటే, నా మాట విని ఇంకొక్క ఘడియ ఆగండి. ప్రభువును నమ్మండి. మీకు ప్రార్థన రాకపోయినా, ఏడుపు గొంతుకు అడ్డుపడినా, పెదవి కదపడానికి బలం లేకపోయినా కళ్లు మూసుకుని ఆయన ముందు ఊరికే ఉండండి. నేను అలాగే ఉన్నాను. ఆయన వినడానికి మన గొంతు అక్కరలేదు.