అత్తయ్య చెప్పని మంత్రం

మా మేనత్త పోయింది. పోయిన గురువారం మధ్యాహ్నం, బందరు ఆస్పత్రిలో, నేను పక్కన ఉండగానే పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ “ఎంత ప్రశాంతంగా పోయారండీ, అంతా ధ్యానం మహిమ” అంటున్నారు. ఆవిడే ఉంటే ఆ మాటకి ఒప్పుకునేది కాదు. ప్రశాంతత కోసం ధ్యానం చేసే మనిషి కాదు ఆవిడ. ఆ సంగతి నాకు అర్థం కావడానికే చాలా ఏళ్ళు పట్టింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

కోడూరు దగ్గర ఒక రైతు కుటుంబానికి కోడలిగా వెళ్ళింది. పిల్లలు లేరు. మావయ్య పోయాక బందరులో మా ఇంటికి వచ్చేసింది. నేను గుడివాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో వాళ్ళకీ, ల్యాబులో పిల్లలకీ, రైల్లో సీటు జరగనివాళ్ళకీ అందరికీ తెలుసు.

అత్తయ్యకి పడుచు వయసులోనే ఒక స్వామివారు మంత్రోపదేశం చేశారట. చెవిలో చెప్పి, ఎవరికీ చెప్పకూడదన్నారు. మావయ్యకి కూడా చెప్పలేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుందంటే ఇక గ్యాసు బండ అబ్బాయి వచ్చి తలుపు బాదినా కదిలేది కాదు. పెదవులు మాత్రం సన్నగా కదిలేవి. అదేమిటో తెలుసుకోవాలని చిన్నప్పటినుంచీ నాకు ఒకటే ఆరాటం. “పోనీ ఎన్ని అక్షరాలో చెప్పత్తయ్యా” అంటే “నీ పెళ్ళికి చెబుతాలే” అనేది. పెళ్ళయింది. చెప్పలేదు.

మూడేళ్ళ క్రితం ల్యాబులో ఒక కుర్రాడి మీద అరుస్తూ అరుస్తూ కళ్ళు తిరిగి పడిపోయాను. బీపీ అన్నారు. డాక్టరుగారు మాత్రలు రాసి, “ఈ కోపం తగ్గకపోతే మాత్రలేం చేస్తాయమ్మా” అని విజయవాడలో ఒక సైకాలజిస్టు దగ్గరకి పంపారు. ఆ అమ్మాయి మైండ్‌ఫుల్‌నెస్ అని ఒక సీడీ ఇచ్చింది. మంత్రం లేదు, దేవుడు లేడు. ఊపిరి వస్తోంది, పోతోంది, గమనించు. ఆలోచన వస్తే వచ్చిందని చూడు. మంచిదా చెడ్డదా అని తీర్పులు చెప్పకు. ఒక ఎండుద్రాక్షని పది నిమిషాలు తిను. అంతే.

అత్తయ్యకి ఇది భలే వింతగా తోచింది.

“పక్కింటి గ్రైండరు మోత వస్తే ఏం చేస్తావే?”

“మోత వస్తోందని గమనిస్తాను.”

“అయ్యో! మేం దాన్ని గుమ్మం బయట నిలబెడతాం. మీరు లోపలికి పిలిచి కుర్చీ వేస్తారన్నమాట.”

రెండు రోజులు విన్నాను. మూడో రోజు ఊపిరి మీద కూడా కోపం వచ్చి సీడీ సొరుగులో పడేశాను. “మాత్రలు మింగుతున్నాగా, చాల్లే” అంటే అత్తయ్య నావైపు చాలాసేపు చూసింది. మా నాన్న బీపీతోనే పోయాడు, నా వయసులోనే. ఆవిడకి తమ్ముడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవిడకి చిన్నగా పక్షవాతం వచ్చింది. చెయ్యీ మాటా నెలరోజుల్లో కుదుటపడ్డాయి. కానీ ఒకరోజు పొద్దున్న పీట మీంచి అయిదు నిమిషాల్లోనే లేచి వచ్చేసింది. “పోయిందే” అంది. ఏం పోయిందో నాకు అర్థం కాలేదు. “మంత్రం. ఎంత వెతికినా రావడం లేదు. ఇన్నేళ్ళు పిలిచాను, ఇప్పుడేమని పిలవను?” అని గట్టిగా ఏడ్చింది. ఇచ్చిన స్వామివారు ఎప్పుడో కాలం చేశారు. ఇంకెవరికీ తెలియదు. ఎవరినీ అడగడానికి లేదు.

నాకు తెలిసిన విద్య సాల్ట్ ఎనాలిసిస్. తెలియని ఉప్పులో ఒక్కొక్క రసాయనమే పోసి, ఎక్కడ రంగు మారితే అక్కడ పట్టుకుంటాం. గుళ్ళో పూజారిగారినీ, ఇరుగుపొరుగువాళ్ళనీ, రైల్లో నాతోపాటు వచ్చేవాళ్ళనీ అడిగి ఇరవై మూడు మంత్రాలు కాగితం మీద రాసుకొచ్చాను. అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్కటే చదువుతూ ఆవిడ మొహంలోకి చూశాను. కనురెప్ప కదిలితే చాలు, దొరికిపోతుంది!

రాయిలా కూర్చుంది. ఇరవై మూడూ అయ్యాయి.

“ఏదీ కాదా?”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నేను తలూపితే చెప్పినట్టు కాదూ? నీ కెమిస్ట్రీ నా దగ్గరా?” అని చెడామడా తిట్టింది. తర్వాత, “ఆ సీడీ ఉందా? పెట్టు. నాది ఎలాగూ పోయింది, నీది నేర్చుకుంటాను. నువ్వు పక్కన కూర్చోవాలి సుమా, నాకొక్కదానికి చేతకాదు” అంది.

ఆవిడకి ఏదో ఒక ఆధారం దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మర్నాటినుంచీ రైలుకి వెళ్ళే ముందు ఇద్దరం పావుగంట కూర్చునేవాళ్ళం. నా కోసమైతే నాలుగు రోజుల్లో మానేసేదాన్నే. ఆవిడ చాప పరిచి ఎదురుచూస్తుంటే ఎలా మానను? ఎండుద్రాక్ష ఇస్తే చప్పరించి, “పుల్లగా ఉంది, పంట్లో ఇరుక్కుంది. ఇంకేం గమనించమంటావు?” అనేది. నవ్వొచ్చి ఆ రోజు పాఠం పాడయ్యేది.

ఒకసారి అడిగాను, “చివరికి రెండూ ఒకటేగా అత్తయ్యా?” అని. ఆ సైకాలజిస్టు అమ్మాయి అలాగే అంది మరి.

“ఒకటెలా అవుతాయే? నాది ఒకరిని పిలవడం. నీది ఎవరొచ్చినా అరుగు మీద కూర్చుని చూడటం. నీకు బీపీ తగ్గిందా అని అడుగుతారు. నాకు తగ్గిందా అని ఎవరడిగారు? పిలవమన్నారు, పిలిచాను. వచ్చారా లేదా అన్నది నా పని కాదు.” మళ్ళీ తనే, “అయితే నీది కూడా మంచిదేలే. చింతచెట్టు మీద అన్ని పిట్టలున్నాయని నాకు ఇప్పుడే తెలిసింది” అంది.

ఏడాది తిరిగేసరికి డాక్టరుగారు నా మాత్ర సగం చేశారు. ల్యాబులో బీకరు పగలగొట్టిన పిల్ల నేను తిట్టలేదని భయపడి ఏడ్చిందట. నేను మాత్రం అత్తయ్యని చూసి జాలిపడేదాన్ని. పాపం, నా దాంతో సరిపెట్టుకుంటోంది అనుకునేదాన్ని.

పోయిన వారం మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి గట్టిగానే. బుధవారం పొద్దున్న మంచం పక్కన కూర్చుని చూస్తే, కళ్ళు మూసుకుని ఉంది, పెదవులు సన్నగా కదులుతున్నాయి.

“అత్తయ్యా, గుర్తొచ్చిందా?”

కళ్ళు తెరిచింది. మాట ముద్దముద్దగా వస్తోంది. “ఎప్పుడో.”

“ఎప్పుడు?”

“నువ్వు చదివిన రోజునే. అందులో ఉంది.”

“ఎన్నోది?” అనేశాను, ఆ స్థితిలో కూడా.

“చెప్పను. నువ్వే చెప్పావుగా.” మూతి ఒక పక్కకే నవ్వింది.

“మరి రెండేళ్ళూ నాతో ఎందుకు కూర్చున్నావు?”

“నేను లేస్తే... నువ్వు కూర్చుంటావా? తమ్ముడిలాగా... నిన్ను కూడా పోగొట్టుకోనా?”

“మరి నీ జపం?”

“నువ్వు రైలెక్కాక.”

ముందు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు గురువునని మురిసిపోయాను! ఆ తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

గురువారం మాట పూర్తిగా పడిపోయింది. కళ్ళు తెరవడం లేదు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. గాలిలాంటి చప్పుడేదో వస్తోంది. చెవి దగ్గరగా పెడితే వినిపిస్తుంది. వంగాను కూడా. చిన్నప్పటినుంచీ తెలుసుకోవాలనుకున్న మాట జానెడు దూరంలో ఉంది.

లేచి నిలబడ్డాను. పెదవులు చూసినా పట్టేస్తానేమోనని, ఆవిడ చెయ్యి వదలకుండానే కిటికీ వైపు తిరిగాను. చెయ్యి వెచ్చగా ఉంది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కింద రోడ్డు మీద అవనిగడ్డ బస్సు ఆగింది. ఒకావిడ కొబ్బరి మొక్కని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని, ఆకులు తలుపుకి తగలకుండా నెమ్మదిగా ఎక్కుతోంది. నా వెనక అత్తయ్య ఇంకా పిలుస్తూనే ఉంది.